స్టీల్ పట్టీయా, ప్లాస్టిక్ పట్టీయా? పారిశ్రామిక ప్యాకింగ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

సరుకును కట్టగట్టి బయటికి పంపే ప్రతి కర్మాగారంలోనూ పట్టీ గురించిన చర్చ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మామూలుగా అది దారిలో కట్ట విడిపోయినప్పుడో, కొనుగోళ్ల విభాగం వారు కిలో ధరలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడో వస్తుంది. ఆ రెండూ ప్రశాంతంగా ఆలోచించే సందర్భాలు కావు. నిజానికి పట్టీ సంగతి చాలావరకు సరుకే తేల్చేస్తుంది. కట్టిన తరువాత అది కుంగుతుందా, ఉబ్బుతుందా, ఇంకా వేడిగా ఉంటుందా, దాని అంచులు పదునుగా ఉన్నాయా అన్నవి తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్టే. డిస్పాచ్ విభాగం వారు, చిన్న, మధ్య తరహా పరిశ్రమల యజమానులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు కింద జవాబులు ఇచ్చాము.

ప్యాకింగ్ పట్టీ చేసే పని ఏమిటి? లారీకి సరుకును కట్టే కట్టుకూ దీనికీ తేడా ఉందా?

ఉంది. ప్యాకింగ్ పట్టీ విడివిడి వస్తువులను ఒక కట్టగా చేస్తుంది, లేదా వస్తువును దాని కింది ప్యాలెట్టుతో, అంటే సరుకు పేర్చే పీటతో కలిపి ఒకే ముక్కగా నిలుపుతుంది. అలా తయారైన కట్టను లారీ బాడీకో, కంటైనర్ లోపలి కొక్కేలకో బిగించి కదలకుండా ఉంచేది లాషింగ్. దానికి గొలుసులు, రాచెట్ బెల్టులు వాడతారు. లాషింగ్ లేకుండా పంపిన సరుకు మలుపులో ఒరిగిపోయి పట్టీ తెగితే, ఆ తప్పు దాదాపు ప్రతిసారీ పట్టీ నాణ్యత ఖాతాలోనే పడుతుంది. ఇక్కడి ప్రశ్నలన్నీ ప్యాకింగ్ పట్టీకి సంబంధించినవే.

ప్లాస్టిక్ పట్టీలన్నీ ఒకటేనా?

కాదు. "ప్లాస్టిక్ వాడి చూశాం, పనికిరాలేదు" అనేవారిలో చాలామంది వాడి చూసింది పీపీ పట్టీనే. అట్టపెట్టెల మీద, పుస్తకాల కట్టల మీద కనిపించే పల్చటి, తేలికైన పట్టీ అది; పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. పెట్ పట్టీ వేరు. నీళ్ల సీసాలు తయారయ్యే పాలిస్టర్ రకంతోనే దాన్ని చేస్తారు, ఎక్కువగా ఆకుపచ్చ రంగులో వస్తుంది, స్టీల్ పట్టీతో పోటీపడగలిగేది ఇదే. రంగును బట్టి మాత్రం ఏదో తేల్చుకోవద్దు, ఎందుకంటే ఏ రంగైనా దేనికైనా కలపవచ్చు. అనుమానం ఉంటే చిన్న ముక్క కత్తిరించి, దానికి గాలి బుడగలు అంటకుండా చూసి, గ్లాసు నీళ్లలో ముంచండి: పీపీ సాంద్రత నీటికన్నా తక్కువ, సుమారు 0.9, కాబట్టి తేలుతుంది. పెట్ సాంద్రత సుమారు 1.36 కాబట్టి అడుగుకు చేరుతుంది.

మూడో రకం కూడా ఉంది. పాలిస్టర్ దారాలను పక్కపక్కన పేర్చి ప్లాస్టిక్ పూతతో అతికించిన కార్డ్ పట్టీని తీగ బకిల్‌తో బిగిస్తారు. యంత్రాల పెట్టెలకు, కంటైనర్ లోపలి కట్టుకు అది మంచిదే గాని, రోజుకు వందల కట్టలు కట్టే లైనులో బకిల్ కూర్చే సమయమే దానికి అడ్డు.

రెండింటిలో ఏది బలమైనది?

మందానికి మందం పోల్చితే స్టీలే. మామూలు రకం స్టీల్ పట్టీ తెగడానికి ప్రతి చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల బలం కావాలి. ఎక్కువ బలం ఉండేలా చేసిన హై టెన్సైల్ రకానికి 900 పైనే పడుతుంది. పెట్ పట్టీకి అది 400 నుంచి 480 మధ్య, పీపీకి ఇంకా చాలా తక్కువ.

అయితే కర్మాగారంలో ఎవరూ చదరపు మిల్లీమీటర్లను కట్టరు, పట్టీని కడతారు. 19 మి.మీ. వెడల్పు, 0.5 మి.మీ. మందం ఉన్న మామూలు స్టీల్ పట్టీ సుమారు 7,600 న్యూటన్లకు, అంటే 775 కిలోల బరువుకు సమానమైన లాగుడుకు తెగుతుంది. అదే 19 మి.మీ. వెడల్పులో 1 మి.మీ. మందమున్న పెట్ పట్టీ సుమారు 8,100 న్యూటన్ల దాకా ఆగుతుంది. కాబట్టి ఈ శ్రేణిలో ప్లాస్టిక్ బలహీనమన్న మాట నిలవదు. మందం రెట్టింపు చేస్తే లెక్క సరిపోతుంది.

స్టీలుకు ఎదురులేని చోటు పై శ్రేణి. 32 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న హై టెన్సైల్ పట్టీ ఒక్కటే సుమారు 3 టన్నుల లాగుడును ఆపుతుంది. మామూలుగా దొరికే పెట్ పట్టీల్లో పెద్దదైన 32 మి.మీ. వెడల్పు, 1.27 మి.మీ. మందం రకం కూడా 2 టన్నుల లోపే ఆగిపోతుంది. స్టీలు కాయిళ్లు, పెద్ద పైపుల కట్టలు, లోహపు దిమ్మెల వంటి సరుకు దగ్గర ఈ తేడాకు జవాబు లేదు.

కర్మాగారంలో బిగుతుగా కట్టిన స్టీల్ పట్టీ గమ్యం చేరేసరికి ఎందుకు వదులవుతుంది?

ఈ ప్రశ్న అర్థమైతే మిగిలినవి చాలావరకు వాటంతట అవే విడిపోతాయి, కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూద్దాం.

పట్టీలో బిగువు ఉందంటే అది కొంత సాగి ఉందని అర్థం. సాగిన పట్టీ వెనక్కి రావాలని ప్రయత్నిస్తూ సరుకును నొక్కి ఉంచుతుంది. స్టీల్ పట్టీ చాలా తక్కువ సాగుతుంది: దాని శక్తిలో సగానికి, అంటే చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటన్లకు బిగించినా, అది సాగేది 0.2 శాతమే. సరుకు చుట్టూ పట్టీ పొడవు 4 మీటర్లనుకుంటే ఆ సాగుదల 8 మి.మీ. ఇప్పుడు లారీ కుదుపులకు సంచులో పలకలో సర్దుకుని, కట్ట ఎత్తు 4 మి.మీ. మాత్రమే తగ్గిందనుకోండి. పట్టీ రెండు వైపులా దిగి వస్తుంది కాబట్టి చుట్టుకొలత 8 మి.మీ. తగ్గుతుంది. స్టీలులో దాచి ఉంచిన సాగుదల మొత్తం అక్కడితో ఖర్చయిపోయి, బిగువు సున్నాకు చేరుతుంది. పట్టీ తెగలేదు, పట్టీ కొసలను కలిపే సీలు ఊడలేదు, కానీ కట్ట చేతితో కదిపితే కదులుతోంది.

అదే సరుకుకు పెట్ పట్టీ వేస్తే, శక్తిలో దాదాపు సగానికి బిగించేసరికి అది 2 నుంచి 3 శాతం సాగుతుంది. 4 మీటర్ల పట్టీలో అది 80 నుంచి 120 మి.మీ. అందులో 8 మి.మీ. పోయినా పదో వంతు బిగువే తగ్గుతుంది, మిగతాది సరుకును పట్టుకునే ఉంటుంది. కలప, అట్టపెట్టెలు, సంచులు, కాగితం రీములు, ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇటుకల వంటి కుంగే సరుకు దగ్గర పెట్ గెలిచేది బలంతో కాదు, ఈ వెంటపడే గుణంతో. లారీ గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బను సాగి మింగుకోవడం కూడా దీని మరో రూపమే.

సాగే గుణమున్నప్పుడు ప్లాస్టిక్ పట్టీ నెమ్మదిగా సాగుతూ వదులైపోదా?

అవుతుంది, ఆ మాట దాచవలసిన పనిలేదు. బిగించిన మొదటి కొన్ని గంటల్లోనే పెట్ పట్టీ తన బిగువులో కొంత భాగం కోల్పోతుంది, ఆ తరువాత తగ్గుదల చాలా నెమ్మదిస్తుంది. పీపీ పట్టీ ఇంతకన్నా ఎక్కువ, ఎక్కువకాలం సాగుతూనే ఉంటుంది. అందుకే దాన్ని పెట్టె మూత విడిపోకుండా ఉంచడానికి వాడాలే గాని బరువును నొక్కి ఉంచడానికి వాడకూడదు. స్టీలులో ఈ రకమైన నష్టం పట్టించుకోనక్కర్లేనంత తక్కువ. అందువల్ల కుంగని, కదలని గట్టి సరుకు నెలల తరబడి గోదాములో ఉండాలంటే స్టీలుదే పైచేయి.

వేడిగా ఉన్న సరుకుకు ప్లాస్టిక్ పట్టీ వేయవచ్చా?

వేయకూడదు. పెట్ పట్టీ కరిగేది 250 డిగ్రీల పైన అయినా, 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే దాని లోపలి నిర్మాణం మెత్తబడి బిగువు జారడం మొదలవుతుంది. 60 డిగ్రీలను హద్దుగా పెట్టుకోవడం క్షేమం. పీపీకి అంత కూడా ఇవ్వలేము.

విశాఖ ఉక్కు కర్మాగారం వంటి చోట్ల రోలింగ్ మిల్లు నుంచి వచ్చే కడ్డీలను, వైర్ రాడ్ చుట్టలను పూర్తిగా చల్లారేదాకా ఆపి కట్టడం ఉత్పత్తి వేగంతో కుదరదు. అక్కడ లోహపు కట్టు తప్ప మరో మాట లేదు. ఆటోక్లేవ్‌లో ఆవిరితో ఉడికించిన తేలికపాటి బ్లాకుల విషయంలో వేడికి తేమ కూడా తోడవుతుంది. వేడి, తేమ కలిస్తే పాలిస్టర్ గొలుసులు లోపలే తెగిపోతాయి, పట్టీ పెళుసెక్కుతుంది. క్షార గుణమున్న పచ్చి సిమెంటు ఉత్పత్తులకూ ఇదే వర్తిస్తుంది. వాటిని చల్లారి, ఆరిన తరువాతే పెట్ పట్టీతో కట్టాలి.

మన వేసవిని కూడా లెక్కలోకి తీసుకోండి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో గాలి వేడే 45 డిగ్రీలు దాటినప్పుడు, రేకుల షెడ్డు కింద, మూసిన కంటైనర్ లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పొద్దున బిగించిన పీపీ పట్టీ సాయంత్రానికి వేలాడుతోందని ఫిర్యాదు వస్తే యంత్రం కన్నా ముందు కప్పు వైపు చూడాలి.

అంచులు పదునుగా ఉంటే?

పెట్ పట్టీకి పెద్ద శత్రువు ఇదే. కత్తిరించిన స్టీలు పలక అంచు మీద, కోసిన రాతి అంచు మీద బిగించిన పట్టీ నిలిచి ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. లారీ కదులుతున్నప్పుడు ఆ అంచు రంపంలా పనిచేసి, చిన్న గాటు పడిన చోటి నుంచి పట్టీని చీలుస్తుంది. ప్రతి మూలకూ అట్ట, ప్లాస్టిక్ లేదా లోహపు మూల ముక్క పెట్టడం తప్పనిసరి. ఆ ముక్క పెట్టడానికి మనుషులకు తీరిక లేని లైనులో, పెడతారని కాగితం మీద రాసుకుని పెట్‌కు మారడం కన్నా స్టీలులోనే ఉండడం నిజాయతీ.

స్టీలుకు మూల ముక్క అక్కర్లేదనుకోవడమూ పొరపాటే. అక్కడ తెగేది పట్టీ కాదు, సరుకు: అట్టపెట్టె మూల నలుగుతుంది, కలప అంచు లోపలికి దిగుతుంది, టైలు అంచు పగులుతుంది.

తుప్పు నిజంగా అంత పెద్ద సమస్యా?

సరుకును బట్టి. కడ్డీల కట్ట మీద పట్టీ తుప్పు పట్టిందని ఎవరూ వెనక్కి పంపరు. ఔషధ ముడిపదార్థాల డ్రమ్ముల ప్యాలెట్టు మీద తుప్పు రజను కనిపిస్తే పరిస్థితి వేరు; హైదరాబాదు చుట్టుపక్కల ఔషధ కర్మాగారాల్లో ఎగుమతి ప్యాలెట్లకు పెట్ పట్టీ ఎందుకు నప్పుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

స్టీల్ పట్టీ నీలి పొరతో, రంగు వేసి మైనం పూసి, జింకు పూతతో, ఇలా కొన్ని రకాలుగా దొరుకుతుంది. పూతలు తుప్పును ఆలస్యం చేస్తాయే గాని ఆపవు: సీలు నొక్కిన చోట, గీరుకున్న చోట పూత లేచిపోయి అక్కడే మొదలవుతుంది. కాకినాడ, విశాఖపట్నం వంటి తీర ప్రాంతపు యార్డుల్లో ఉప్పుగాలి దీన్ని తొందరపెడుతుంది. ఓడలో వెళ్లే సరుకుకు మరో చిక్కు ఉంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే కంటైనర్ కప్పుకు లోపలి తేమ చెమటలా పట్టి సరుకు మీద చుక్కలుగా రాలుతుంది. బయట వానే లేకపోయినా పట్టీ తడుస్తుంది, తుప్పు నీరు కిందికి కారుతుంది.

గ్రానైట్ పలకలకు ఏది మంచిది?

ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నుంచి కరీంనగర్ రాళ్ల దాకా, పలకలను కలప చట్రంలో నిలబెట్టి కట్టలుగా పంపడం మన దగ్గర పెద్ద పని. రాయి కుంగదు కదా, స్టీలే సరి అని అనిపిస్తుంది. అయితే అక్కడ కుంగేది రాయి కాదు, చట్రం. పచ్చి కలప దారిలో ఆరి కుంచించుకుపోతుంది, పైన చెప్పిన 8 మి.మీ. లెక్క ఇక్కడ అచ్చంగా వర్తిస్తుంది. ఎగుమతి కలపకు అంతర్జాతీయ నియమం ప్రకారం లోపలి భాగం 56 డిగ్రీలకు చేరి 30 నిమిషాలు నిలిచేలా వేడి చికిత్స చేస్తారు. అది పురుగులను చంపడానికే. ఆ చికిత్స జరిగిందని కలప మీద ముద్ర పడినంత మాత్రాన అది ఆరిందని అర్థం కాదు.

తుప్పు మరక రెండో విషయం. నల్ల రాయి మీద అది అంతగా కనిపించకపోవచ్చు, లేత రంగు రాయిలోకి ఇంకితే మెరుగు పెట్టినా సులభంగా పోదు. మూల ముక్కలు తప్పకుండా వేయగలిగితే వెడల్పైన పెట్ పట్టీ, లేకపోతే ఎండిన కలపతో స్టీల్ పట్టీ: మా సలహా ఈ క్రమంలోనే. దిమ్మెల మాట వేరు. వాటిని పట్టీతో కట్టే ప్రసక్తే తక్కువ.

పత్తి బేళ్లకు స్టీలు మానేసి ప్లాస్టిక్ వాడవచ్చా?

వాడవచ్చు, వాడుతున్నారు కూడా. అయితే పత్తి మిగతా సరుకులకు పూర్తిగా వ్యతిరేకం. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ ప్రాంతాల జిన్నింగ్ మిల్లుల్లో సుమారు 170 కిలోల దూదిని ప్రెస్సులో అదిమి బేలు కడతారు. ప్రెస్సు వదిలిన క్షణం నుంచి ఆ దూది మళ్లీ ఉబ్బాలని చూస్తుంది. అంటే ఇక్కడ పట్టీ వదులయ్యే సమస్య లేదు, నెలల తరబడి బేలు లోపలి నుంచి పట్టీని తోస్తూనే ఉంటుంది. అతుకు బలహీనమైతే గోదాములోనే తెగుతుంది. బేలు కట్టడంలో పట్టీ బలం కన్నా అతుకు బలాన్ని ముందు పరీక్షించాలని చెప్పేది అందుకే. పెట్ ఎంచుకుంటే, అది కొంత సాగి బేలు పరిమాణం కొద్దిగా పెరుగుతుందని లెక్కవేసుకుని, ప్రెస్సులో ఆ మేరకు ఎక్కువ అదమాలి.

అసలు తేడా స్పిన్నింగ్ మిల్లులో తెలుస్తుంది. పొరపాటున దూదిలో ఉండిపోయిన ఇనుప ముక్క దూదిని విడగొట్టి శుభ్రం చేసే బ్లోరూమ్ విభాగంలోని బీటరుకు తగిలితే నిప్పురవ్వ లేచి మంట అంటుకోవచ్చు. ఆ ఇనుమును పట్టుకోవడానికే లైనులో అయస్కాంతాలు పెడతారు. ప్లాస్టిక్ ముక్క నిప్పురవ్వ పుట్టించదు, కానీ దాన్ని పట్టే అయస్కాంతమూ లేదు. అది పీచులుగా చీలి నూలులో కలిసిపోయి, పత్తికి వేసే రంగు దానికి అంటక, బట్ట మీద మచ్చలుగా బయటపడుతుంది. మన పత్తికి పాలీప్రొపిలీన్ సంచుల పోగుల వల్ల ఈ చెడ్డపేరు ఇప్పటికే ఉంది. ఏ పట్టీ అయినా, బేలు విప్పినప్పుడు తీసిన పట్టీలను లెక్కపెట్టి పక్కన పెట్టనిదే తరువాతి బేలు ముట్టుకోకూడదన్న నియమం రెండు ప్రమాదాలనూ తప్పిస్తుంది.

టైల్స్, ఇటుకలు, కాగితం, కోసిన కలప సంగతి?

టైల్స్ పెట్టె ఒక్కొక్కదానికీ పీపీ, వాటి ప్యాలెట్టుకు పెట్. చల్లారిన ఇటుకలకు, బ్లాకులకు పెట్. కాగితం రీముల ప్యాలెట్టుకు పెట్, పైన కింద పలక పెట్టి. కోసిన కలపకు పెట్.

పట్టీ బలం సరే, అతుకు బలం ఎంత ఉంటుంది?

ఎప్పుడూ పట్టీ కన్నా తక్కువే ఉంటుంది. సరిగా వేసిన అతుకు పట్టీ బలంలో నాలుగింట మూడు వంతులు, లేదా కాస్త పైన నిలుస్తుంది. అంటే 775 కిలోల పట్టీ అతుకు దగ్గర 600 కిలోల పట్టీయే. సరఫరాదారు పట్టిక చూసి లెక్కలు వేసేవారు ఈ తగ్గింపును మరిచిపోతారు.

స్టీలుకు లోహపు సీలు తొడిగి నొక్కుతారు, లేదా సీలు లేకుండా పట్టీ పొరలనే ఒకదానిలో ఒకటి కొక్కెం పడేలా కోసి బిగిస్తారు. పెట్ పట్టీకి ఘర్షణ వెల్డింగ్ మేలు: రెండు పొరలను అతివేగంగా రుద్దగా పుట్టిన వేడికి అవి కరిగి ఒకటవుతాయి. పీపీకి వేడి పలకతో అతికించడమే మామూలు. ఘర్షణ వెల్డు బాగుందో లేదో చూడాలంటే రోజు మొదట్లో రెండు మూడు అతుకులు వేసి, విడదీసి చూడండి. కరిగిన జాడ పట్టీ వెడల్పంతా సమంగా ఉండాలి. ఒక అంచునే ఉంటే పరికరంలో పట్టీ వంకరగా కూర్చుందన్న మాట. దుమ్ము, నూనె, నీరు అంటిన పట్టీ సరిగా అతకదు. సిమెంటు, గ్రానైట్ యార్డుల్లో అతుకులు ఊడడానికి ఇదే పెద్ద కారణం.

స్టీలుకు వాడే పరికరాలే ప్లాస్టిక్‌కు పనికొస్తాయా?

పనికిరావు. పట్టీని బిగించే టెన్షనర్, సీలు నొక్కే సీలర్ రెండూ మారాలి. పెట్ రోలు లోపలి వ్యాసం మామూలుగా 406 మి.మీ. ఉంటుంది కాబట్టి పట్టీ బండి కూడా మారవచ్చు. బ్యాటరీతో నడిచే పరికరం బిగించడం, వెల్డు చేయడం, కోయడం మూడూ ఒక్కటే చేస్తుంది, గాలి గొట్టాలు లాక్కుని తిరిగే పని తప్పుతుంది. దాని ధర మాత్రం చేతి పరికరాల కన్నా చాలా ఎక్కువ. రోజుకు పది కట్టలు కట్టే చోట చేతి టెన్షనర్, సీలు చాలు.

ఖర్చు ఎలా పోల్చాలి?

కిలో ధరను పక్కన పెట్టి మీటరు ధర చూడాలి. పైన చెప్పిన 19 మి.మీ. స్టీల్ పట్టీ మీటరు బరువు సుమారు 75 గ్రాములు, కిలోకు 13 మీటర్లు వస్తుంది. దానికి సమానమైన పెట్ పట్టీ మీటరుకు 26 గ్రాములే, కిలోకు 38 మీటర్లు వస్తుంది. కాబట్టి కిలో పెట్ ధర కిలో స్టీలు ధరకు రెండున్నర రెట్లు ఉన్నా మీటరు లెక్కన పెట్ పట్టీయే చవక. దీనికి సీళ్ల ఖర్చు, మూల ముక్కల ఖర్చు, పరికరాల మరమ్మతు, రోలు మార్చడానికి లైను ఆగే సమయం కలపాలి. స్టీలు వైపు తుక్కు అమ్మితే వచ్చేది తీసివేయాలి.

పట్టీని పట్టుకుని కట్టను క్రేన్‌తో ఎత్తవచ్చా?

ఎత్తకూడదు. స్టీలైనా, పెట్ అయినా, ఒక్కసారికైనా, రెండడుగుల ఎత్తుకైనా కూడదు.

పట్టీ కోసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటి?

ప్యాకింగ్‌లో జరిగే గాయాల్లో చాలావరకు కట్టేటప్పుడు కావు, విప్పేటప్పుడు జరిగేవే. బిగువు మీదున్న స్టీల్ పట్టీ తెగిన క్షణంలో కత్తి అంచులా విసురుకొస్తుంది. గొడ్డలి, గునపం, ఉలి, సుత్తి వాడే అలవాటు మన గోదాముల్లో ఇంకా పోలేదు. పొడవాటి పిడులున్న పట్టీ కట్టరు ఖరీదు ఒక కంటి చికిత్స ఖర్చు ముందు ఏపాటిది? కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు వేసుకుని, పట్టీకి ఎదురుగా కాక పక్కకు నిలబడి, ఒక చేత్తో పట్టీని సరుకుకు అదిమి పెట్టి కోయాలి. దగ్గరలో మరెవరూ ఉండకూడదు. పైపులు, దుంగలు వంటి దొర్లే సరుకైతే కోయడానికి ముందే అడ్డు చెక్కలు పెట్టాలి.

పెట్ పట్టీ అంచు చెయ్యి కోయదు గాని, మెత్తనిదని నమ్మి ముఖం దగ్గర పెట్టి కోయడం ప్రమాదం. ఎక్కువ సాగిన పట్టీ కొరడాలాగే వెనక్కి తగులుతుంది. ఈ జాగ్రత్తలు సరుకు అందుకునే హమాలీలకు తెలిసేలా కట్ట మీద తెలుగులో చిన్న కాగితం అంటిస్తే చాలా మేలు.

ఒకసారి వాడిన పట్టీని మళ్లీ వాడవచ్చా?

కట్టకు వాడకూడదు. ఒకసారి సాగి, నొక్కుడు పడి, వంగిన పట్టీ బలం ఎంతో కంటితో చెప్పలేము.

పట్టీని ఎలా నిల్వ చేయాలి?

స్టీలును తడి నేలకు దూరంగా, ప్లాస్టిక్‌ను ఎండకు దూరంగా. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పీపీ తొందరగా, పెట్ నెమ్మదిగా పెళుసెక్కుతాయి. నెలల తరబడి ఆరుబయట ఉండే సరుకుకు ఎండను తట్టుకునే మిశ్రమం కలిపిన పట్టీ కావాలని ఆర్డరులోనే రాయాలి.

వాడిన తరువాత పట్టీ ఏమవుతుంది?

స్టీలుకు తుక్కు కొట్టులో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, అయితే చిక్కుపడిన పట్టీల కుప్ప చోటు తినేస్తుంది కాబట్టి చిన్న ముక్కలుగా కోసే యంత్రం ఉంటే మంచిది. పెట్ పట్టీలో చాలా భాగం వాడేసిన సీసాల ముక్కలతోనే తయారవుతుంది, తిరిగి కూడా అదే దారిన పోగలదు. కానీ పెట్, పీపీ కలిసిపోతే రెండూ పాడవుతాయి. గ్లాసు నీళ్ల పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల కింద 2022లో వచ్చిన మార్గదర్శకాలు, ప్లాస్టిక్ ప్యాకింగ్ తయారు చేసేవారి మీద, దిగుమతిదారుల మీద, బ్రాండు యజమానుల మీద దాన్ని వెనక్కి సేకరించే బాధ్యత పెట్టాయి. యార్డు వెనుక పోగేసి తగలబెట్టడం ఏ లెక్కన చూసినా తప్పే.

కొనేటప్పుడు సరఫరాదారును ఏమి అడగాలి?

తెగే బలం, సాగే శాతం, అసలు మందం, రోలుకు ఎన్ని మీటర్లు అన్నవి రాతపూర్వకంగా అడగండి. స్టీల్ పట్టీకి భారతీయ ప్రమాణం ఐఎస్ 5872 ఉంది. ఎగుమతి కొనుగోలుదారులు ఏఎస్‌టీఎం డీ3953, లేదా యూరప్ వారి ఈఎన్ 13246 అడగవచ్చు. ప్లాస్టిక్ పట్టీకి వాటి జోడీలు ఏఎస్‌టీఎం డీ3950, ఈఎన్ 13394.

పీపీలో సుద్దపొడి ఎక్కువ కలిపితే పట్టీ బరువెక్కుతుంది, కిలో లెక్కన చవకగా కనిపిస్తుంది, మీటర్లు మాత్రం తగ్గుతాయి, మడిస్తే తెల్లబడి విరుగుతుంది. రోలు లోపలి అట్ట గొట్టం బరువును కూడా పట్టీ ధరకే తూచి అమ్మేవారున్నారు; ఖాళీ అయిన గొట్టాన్ని ఒకసారి తూకం వేసి చూస్తే తరువాతి బేరం సులువవుతుంది.

ఇప్పుడు స్టీలు వాడుతున్నాము. పెట్‌కు మారాలంటే ఎలా మొదలుపెట్టాలి?

అన్ని సరుకులకూ ఒకేసారి మారవద్దు. ఎక్కువగా పంపే ఒక రకాన్ని తీసుకుని, ఒకే లారీలో సగం కట్టలను స్టీలుతో, సగాన్ని పెట్‌తో కట్టి, మీ సరుకు వెళ్లే అతి దూరపు, అతి గతుకుల దారిన పంపండి. బయలుదేరే ముందు ప్రతి పట్టీ మీద మార్కరుతో మూల దగ్గర గీత గీయండి. చేరిన చోట కోయకముందే, గీత ఎంత జరిగిందో, పట్టీ కిందికి ఎన్ని వేళ్లు దూరుతున్నాయో, మూలల దగ్గర గాట్లు ఉన్నాయో లేదో చూసి ఫోటోలు తీయించండి. ఒక ప్రయోగం మే నెలలో, మరొకటి వానాకాలంలో చేస్తే చాలు. పెట్ కట్టలు నిలిచి మూలలు చెక్కుచెదరకపోతే ఆ రకానికి మారండి. గాట్లు కనిపిస్తే మూల ముక్కలు మార్చి మళ్లీ ఒకసారి పంపండి. అప్పటికీ కనిపిస్తే ఆ రకాన్ని స్టీలులోనే ఉంచి, తరువాతి రకానికి వెళ్లండి.